తండ్రి పేరు రాయని గడి

మా నాన్న బడి కాగితాల్లో తండ్రి పేరు దగ్గర మా నాయనమ్మ అన్నగారి పేరుంది. ఇంట్లో మాత్రం నాన్న ఆయన్ని "మామా" అనే పిలిచేవాడు. కాగితం మీద తండ్రి, నోటితో మామ. ఈ తేడా నాకు పదేళ్ల వయసులో కనబడింది. నోరు విప్పి అడగడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. తీరా అడిగిన తీరు తప్పు. ఈ దారిలో చాలామంది మొదట చేసే తప్పు అదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

నేరుగా నాయనమ్మ దగ్గరికెళ్లి "మా తాత ఎవరు?" అన్నాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మూడేళ్లు నాతో ముభావంగానే ఉంది. యాభై ఏళ్లుగా ఆమె ఎవరికీ చెప్పుకోకుండా మోసిన బరువును నేను ఒక్క ప్రశ్నతో నడివాకిట్లో పడేశాను.

"ఎవరు" అన్న ప్రశ్న అన్నిటికంటే చివర రావాలి. అసలు అడగకుండానే పని జరిగితే ఇంకా మంచిది. ముందు తెలుసుకోవాల్సింది ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరి మధ్య అన్నది. తెలియని తండ్రిని వెతకాలంటే ముందు తల్లి బతుకును వెతకాలి. కడుపు పడిన రోజుల్లో ఆమె ఏ ఊళ్లో ఉంది, ఏ పనికి పోయేది, ఎవరి పంచన తలదాచుకుంది, నీళ్లకు ఏ దారిన నడిచేది. అవి తేలితే లోకమంతా గాలించాల్సిన పని ఒక వీధికో, ఒక కూలీల గుడిసెల వరసకో దిగుతుంది.

ముందు తేదీ తేల్చుకోండి

మా నాన్న పుట్టిన తేదీ బడి రిజిస్టరులో 1-7-1959. ఆ తరంలో ఎంతమందికి జూన్ ఒకటో జూలై ఒకటో పుట్టినరోజో మీ ఇంట్లోనే లెక్కపెట్టి చూడండి. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకుంటే బడి ఈడు వచ్చినట్టే. హెడ్మాస్టరు ఒక సంవత్సరం ఊహించి, బడి తెరిచే రోజులకు దగ్గర్లో ఒక తేదీ వేసేవాడు. పిల్లాణ్ణి త్వరగా బడిలో కూర్చోబెట్టాలని మామ వయసు పెంచి చెప్పాడని తర్వాత తెలిసింది. కానీ ఆ 1959ని నమ్మి మా ఇంటిల్లిపాదీ ఒక మనిషిని అనుమానించారు.

కథ జరిగిన చోటు నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాక పన్నెండేళ్లపాటు ఆ కృష్ణ ఒడ్డు పెద్ద సంతలా ఉండేది. అది రాతికట్టడపు డ్యాము. రాయి కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, పేర్చేవాళ్లు వేలల్లో కావలసి వచ్చారు. పల్నాడు, నల్లగొండ పల్లెల వాళ్లు, గుంపు మేస్త్రీల వెంట పాలమూరు కూలీలు, వడ్డెరలు, తమిళులు, అందరూ అక్కడే గుడిసెలు వేసుకున్నారు. మాచర్ల దగ్గరి మా ఊరి నుంచి నాయనమ్మ తన అన్నతో కలిసి రాళ్లు మొయ్యడానికి వెళ్లింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలేసరికి చాలామంది ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. డ్యాములు, రైలు మార్గాలు, బొగ్గు గనులు, మిలటరీ క్యాంపులు ఇలాంటివే. నాలుగు దిక్కుల మనుషులు కొన్నేళ్లు పక్కపక్కన బతికి మళ్లీ చెదిరిపోయిన చోట్లు. మీ ఇంటి కథలో అలాంటి చోటు ఒకటి ఉందేమో చూసుకోండి.

మా వాళ్లు అనుమానించింది ఆ పనులకు సిమెంటు తోలిన ఒక లారీ డ్రైవరును. ఆ కథ కూలిపోయింది నాయనమ్మ చెప్పిన ఒక్క మాటతో. ఆ మాట నాతో అనలేదు, మా అమ్మతో అంది. వంటింట్లో ఏదో మాట మీద, "అష్టగ్రహ కూటమికి లోకం మునిగిపోతుందని జనం భజనలు చేస్తుంటే నాకు ఐదో నెల. వేవిళ్లు తగ్గి అప్పుడే ఆకలి మొదలైంది" అందట. అష్టగ్రహ కూటమి 1962 ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చింది. అప్పటికి ఐదో నెల నడుస్తోందంటే బిడ్డ 1962 జూన్ చివరకో జూలైలోనో పుట్టాలి. కడుపు పడింది 1961 దసరాకు అటూ ఇటూ. లారీ డ్రైవరు 1960 ఎండాకాలానికే ఆ పని మానేసి వెళ్లిపోయాడని అతని దగ్గర క్లీనరుగా చేసిన ముసలాయన చెప్పాడు. అంటే అన్నేళ్లూ మేం ఏ పాపం తెలియని మనిషిని తిట్టుకున్నాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

లెక్క ఇలా వెయ్యండి. చివరి నెలసరి మొదటి రోజు నుంచి కాన్పు దాకా 280 రోజులు. కడుపు పడిన రోజు నుంచి అయితే 266. రెండు మూడు వారాలు ముందూ వెనకా అవకాశం వదలండి. తేదీ తెలియనప్పుడు పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఉన్న పెద్ద సంఘటనలకు కట్టండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015. కృష్ణ పుష్కరాలు 1980, 1992, 2004, 2016. జాతకం కాగితమో, పాత చిట్టా పుస్తకమో దొరికితే తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ప్లవ అంటే 1961-62. అదే పేరు అరవై ఏళ్లకు 2021-22లో మళ్లీ వచ్చింది కాబట్టి ఏ చుట్టులోని ప్లవో చూసుకోవాలి. "చేలో వేరుశనగ పీకుతున్న రోజులు", "కొత్త బియ్యం వచ్చాక" లాంటి మాటలనూ తీసిపారెయ్యకండి. వాటితో నెల తేలుతుంది.

ఆడవాళ్ల దగ్గర దాచిన మాట

కొడుక్కి చెప్పలేని మాటను తల్లి కోడలికి చెబుతుంది. కూతురికి చెప్పనిది తోటికోడలికి తెలుస్తుంది. కాన్పు చేసిన మంత్రసానికి దాదాపు అన్నీ తెలుస్తాయి. మగవాళ్లు వెళ్లి మగవాళ్లను అడుగుతారు, అందుకే ఏమీ దొరకదు. మా ఇంట్లో నాకంటే మా అమ్మే మంచి పరిశోధకురాలు. ఆమె ఎప్పుడూ ప్రశ్న వెయ్యలేదు. గోంగూర వలుస్తూ "సాగర్‌లో గోంగూర దొరికేదా అత్తయ్యా?" అనేది, అంతే. అలా రెండేళ్లలో మాకు తెలిసినవి: వాళ్ల గుడిసెకు అవతల పాలమూరోళ్ల వరస ఉండేది. నాయనమ్మకు జ్వరం వచ్చి లేవలేకపోతే వాళ్లే జొన్నరొట్టెలు చేసి పెట్టారు. అందులో ఒక ఇంటి అన్నదమ్ములు రాయి పేర్చడంలో గట్టివాళ్లు. ఆ మాట చెప్పినప్పుడు నాయనమ్మ గొంతు మారిందని అమ్మ గమనించింది. పేరు మాత్రం చెప్పలేదు. 2019లో చెప్పకుండానే పోయింది.

విన్నది విన్నట్టు అదే రోజు రాసిపెట్టుకోండి, ఎవరు ఎప్పుడు అన్నారో తేదీతో సహా. మీ ఊహను వేరే పేజీలో రాయండి. ఆరు నెలలయ్యాక ఏది ఆమె అన్నదో ఏది మీరు కల్పించుకున్నదో మీకే తెలియదు.

ఇంకో మాట చెప్పక తప్పదు. ఆ కడుపు వెనుక బలవంతం ఉండొచ్చు. ఆ మనిషి ఇంట్లోవాడే కావచ్చు. తల్లి ముఖంలో భయం కనబడితే ఆపండి. పుట్టుక తెలుసుకోవాలనే కోరిక న్యాయమైనదే, కానీ దానికోసం ఆమెను మళ్లీ ఆ రోజుల్లోకి లాక్కెళ్లే హక్కు మనకు లేదు. ఆమె చెప్పకపోయినా వెతకడానికి వేరే దారులున్నాయి.

కాగితాలు ఎంతవరకు పనికొస్తాయి

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని 17వ సెక్షన్ ప్రకారం రుసుం కట్టి రిజిస్టరులో వెతికించమని ఎవరైనా అడగొచ్చు. అంతకుముందు పల్లెల్లో ఆ లెక్కలు గ్రామాధికారుల చేతుల్లో ఉండేవి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఆ దస్తరాలు ఎక్కడికి చేరాయన్నది ఊరూరికీ ఒక కథ. తండ్రి పేరు ఖాళీగా ఉందని కాగితాన్ని పక్కన పడెయ్యకండి. పుట్టుక సంగతి ఎవరు వచ్చి చెప్పారు, కాన్పు ఎక్కడ జరిగింది, తల్లి చిరునామా ఏమిటి, ఈ మూడూ చూడండి. బడి అడ్మిషన్ రిజిస్టరులో సంరక్షకుడిగా సంతకం పెట్టిందెవరో చూడండి.

జనాభా లెక్కల కాగితాల మీద ఆశ పెట్టుకోకండి. బ్రిటన్‌లో, అమెరికాలో ఒక గడువు దాటాక పాత లెక్కల్లో ఇంటింటి పేర్లు జనం చూడొచ్చు. మన దగ్గర 1948 నాటి చట్టం ఇంటి వివరాలను గోప్యంగా ఉంచుతుంది. పనికొచ్చేవి భూమి కాగితాలు. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో అడంగల్. ఒక ఊరు, ఒక ఇంటిపేరు చేతికి వచ్చాక ఆ ఇంట్లో ఎంతమంది అన్నదమ్ములో, వాళ్ల తండ్రి ఎవరో అక్కడ తేలుతుంది. వంశాలు చెప్పే పిచ్చికుంట్లవాళ్లు మీ వైపు ఇంకా తిరుగుతుంటే కూర్చోబెట్టి వినండి. గోత్రాలూ ఇంటిపేర్లూ వాళ్లకు నోటికి వస్తాయి. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ మాత్రం వాళ్ల పాటలో ఉండదు.

దత్తత వెళ్లినవాళ్ల దారి వేరు. పద్దెనిమిదేళ్లు నిండితే తమ మూలాల కోసం తామే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ల బదులు ఇంకెవరూ అడగడానికి నియమాలు ఒప్పుకోవు. కన్నవాళ్లు ఒప్పుకోకపోతే వాళ్ల వివరాలు ఇవ్వరు. పెళ్లికాని తల్లి బిడ్డను అప్పగించిన సందర్భాల్లో తండ్రి పేరు ఆ కాగితాల్లోకి ఎక్కకపోవడమే మామూలు.

దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు చెరకు తోటల పనికి వెళ్లినవాళ్ల మునిమనవలకైతే మనకంటే మంచి కాగితాలున్నాయి. 1860 నుంచి 1911 దాకా అక్కడికి చేరిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచే వెళ్లారు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక నంబరు, పక్కన తండ్రి పేరు, జిల్లా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాశారు. తండ్రి తెలియని బిడ్డ తోటలో పుట్టినా, తల్లి నంబరు పట్టుకుంటే ఆమె దిగిన ఓడా, ఆమె చేరిన తోటా దొరుకుతాయి. వెతుకులాట మళ్లీ తల్లి దగ్గరే మొదలవుతుంది.

ఇది చదువుతున్న తల్లుల్లో ఎవరైనా ఒంటరిగా ఆ పేరు మోస్తుంటే మీకొక సంగతి చెప్పాలి. పెళ్లికాని ఒక తల్లి, తండ్రి పేరు చెప్పకుండానే బిడ్డకు సంరక్షకురాలు కావచ్చని 2015 జూలై 6న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ విచారణలోనే, తన పుట్టుక తెలుసుకునే హక్కు బిడ్డకు ఉంటుందని న్యాయమూర్తులు ఆమెకు వివరించారు. ఆమె ఆ తండ్రి వివరాలు కోర్టుకు చెప్పింది. వాటిని కవరులో పెట్టి సీల్ వేయమని కోర్టు ఆదేశించింది. కోర్టు ప్రత్యేకంగా చెబితే తప్ప ఎవరూ తెరవకూడదు. మీరూ ఒక కవరు రాసి పెట్టొచ్చు. ఎప్పుడు తెరవాలో మీరే చెప్పండి. మా నాయనమ్మకు చదువు రాదు. వచ్చి ఉంటే రాసేదేమో అని చాలాసార్లు అనుకున్నాను.

రక్తం చెప్పేది, చెప్పలేనిది

హైదరాబాద్‌లో డీఎన్‌ఏ వేలిముద్రల పనికి పెద్ద చరిత్రే ఉంది. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ చేసిన పరీక్షతోనే 1989లో కేరళలో ఒక పితృత్వం కేసు తేలింది. కానీ అక్కడ తండ్రి ఫలానా అనే ఆరోపణ ముందే ఉంది. ఎవరో తెలియనప్పుడు వాడేది వేరే పరీక్ష. ఉమ్మి నమూనా ఇస్తే, ఆ డేటాబేసులో మీతో డీఎన్‌ఏ ముక్కలు పంచుకున్నవాళ్లందరి జాబితా వస్తుంది. ఎంత పంచుకున్నారో సెంటీమోర్గాన్లలో చెబుతారు. తండ్రీ బిడ్డల మధ్య సుమారు 3,400 పైన. తండ్రి ఒక్కడే అయిన తోబుట్టువుల మధ్య సగటున 1,700కు కాస్త పైన. పెదనాన్న, చిన్నాన్న, మేనత్త, మేనమామ పిల్లలతో 870 దగ్గర. వాళ్ల పిల్లలతో 430.

ఇంట్లో బతికున్న పెద్ద తరం చేత ముందు ఇప్పించండి. నాకంటే నాన్న నమూనా విలువైనది, ఆయన ఒక తరం దగ్గర కాబట్టి. వెంటనే తల్లి వైపు ఒకరి చేత కూడా ఇప్పించండి. మేం నాన్న మేనమామ కూతుర్ని అడిగాం. ఆమెతోనూ నాన్నతోనూ కలిసినవాళ్లను తల్లి వైపు గట్టున వేశాం. నాన్నతో మాత్రమే కలిసినవాళ్లు మిగిలారు. మనవాళ్లు ఈ డేటాబేసుల్లో తక్కువ. నెలల తరబడి దూరపు చుట్టాలే కనిపిస్తారు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు. ఏడాదిన్నర తర్వాత మాకు దొరికిన మనిషీ అలాగే, డాలస్‌లో ఉంటున్న ఒక అమ్మాయి. నాన్నతో 640 సెంటీమోర్గాన్లు. వాళ్లది పాలమూరు పల్లె.

ఇక్కడే నేను రెండో తప్పు చెయ్యబోయాను. ఏ చుట్టరికానికి ఎన్ని సెంటీమోర్గాన్లో చెప్పే పట్టిక తీసి చూస్తే తండ్రి ఒక్కడే అయిన అన్నకు కూతురు కావడానికి 640 సరిపోతుంది. అంటే ఆ అమ్మాయి తాతే మా తాత. ఆ మాట ఉత్తరంలో రాసేశాను కూడా. పంపే ముందు, వాళ్ల అమ్మానాన్నలది బయటి సంబంధమేనా అని మామూలుగా అడిగాను. "కాదండీ, మేనరికం" అంది. వాళ్ల నాన్న తన మేనత్త కూతుర్నే చేసుకున్నాడు. అంటే ఆ ఇంటి రక్తం ఆమెకు తల్లి నుంచీ వచ్చింది, తండ్రి నుంచీ వచ్చింది. ఒక మెట్టు దూరపు చుట్టరికం రెండు దారుల్లో కలిసి దగ్గర చుట్టరికంలా కనిపించింది. ఆమె తాత ఆ ఇంటికి పెద్దవాడు. పొలం చూసుకుంటూ ఊరు దాటలేదు. సాగర్‌కు వెళ్లింది అతని ముగ్గురు తమ్ముళ్లు.

ఆ పట్టికలు బయటి సంబంధాలు ఎక్కువగా చేసుకునే సమాజాల లెక్కలతో తయారైనవి. మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఉన్న మన ఇళ్లలో ఆ అంకెలు ఉబ్బుతాయి. కాబట్టి మొత్తం అంకెను నమ్మకండి, ఒక్కో ముక్క ఎంత పొడవుందో చూడండి. ఎదుటివాళ్ల ఇంట్లో రెండు మూడు తరాల పెళ్లిళ్లు అడిగి చెట్టు గీశాకే చుట్టరికం పేరు పెట్టండి. పరీక్ష చేయించుకున్న మనిషి తల్లిదండ్రులే ఒకరికొకరు రక్త బంధువులా అన్నది కూడా తెలిసే వీలుంది. డీఎన్‌ఏ ఫలితాలను పోల్చి చూపే జెడ్‌మ్యాచ్ అనే వెబ్‌సైటులో దానికొక సాధనం ఉంది. ఆ మీట నొక్కే ముందు, వచ్చే జవాబును ఇంట్లో పెద్దవాళ్లు తట్టుకోగలరా అని ఆలోచించండి.

మగవాళ్లకు వై క్రోమోజోమ్ పరీక్ష ఉంది. ఇంటిపేరు నడిచిన దారినే అదీ తండ్రి నుంచి కొడుక్కి నడుస్తుంది. దత్తత వచ్చినచోట ఇంటిపేరు మారుతుంది, వై మారదు. కానీ అన్నదమ్ములందరిదీ ఒకటే వై. ఆ ముగ్గురు తమ్ముళ్లలో ఎవరన్నది అది చెప్పలేదు. ఆడవాళ్లకు ఇంకో సాయం ఉంది. తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్ క్రోమోజోమ్‌ను కూతురికి దాదాపు చెక్కుచెదరకుండా ఇస్తాడు. తండ్రి ఒక్కడే అయిన అక్కచెల్లెళ్లకు ఆ ఎక్స్ మొత్తం కలవాలి. కలవకపోతే ఆ ఊహ తప్పు.

మీ ఉమ్మితో పాటు మీ తోబుట్టువుల సంగతీ, పిల్లల సంగతీ ఆ కంపెనీ చేతికి వెళ్తుందని మరవకండి. 2023లో 23అండ్‌మీ అనే డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ నుంచి 69 లక్షల మంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి. 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఇంట్లో అందరితో మాట్లాడాకే నమూనా పంపండి.

చట్టం సంగతి క్లుప్తంగా. పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి అని చట్టం భావిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో అది 112వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 116. రక్తం వేరేలా చెప్పినంత మాత్రాన ఆ తండ్రి కాగితంలోంచి చెరిగిపోడు. కోర్టులు డీఎన్‌ఏ పరీక్షకు ఊరికే ఆదేశాలివ్వవు. ఆస్తి కోసం వెతికేవాళ్లు ముందు వకీలును కలవండి. మనిషి కోసం వెతికేవాళ్లు ఆ మాట మొదటి ఉత్తరంలోనే రాయండి. అవతలి ఇంటివాళ్ల మొదటి భయం పొలం గురించే.

మేం అలాగే రాశాం: "మాకేమీ వద్దు. మా నాయనమ్మకు జ్వరం వస్తే మీ వాళ్లు అన్నం పెట్టారు. వాళ్ల పేర్లు తెలిస్తే చాలు." జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. వాళ్లు ముగ్గురి పేర్లూ పంపారు. ముగ్గురూ చనిపోయారు. ఒకాయనకు పెళ్లి కాలేదు. మిగతా ఇద్దరి పిల్లలు పరీక్ష చేయించుకుంటే ఎవరన్నది తేలిపోవచ్చు. 1,700 వస్తే అన్నో అక్కో అన్నమాట. అడగమంటారా అని నాన్నను అడిగాను. వద్దన్నాడు. ఆ పిల్లల్లో కొందరి తల్లి బతికే ఉందని, ఈ వయసులో ఆవిడకు ఈ సంగతి ఎందుకని అన్నాడు.

డాలస్ అమ్మాయి ఒక ఆదివారం ఫోన్ చేసింది. వరసలు లెక్కపెట్టుకుంటూ వచ్చింది. ముగ్గురిలో ఎవరైనా మా నాన్న ఆమె తండ్రికి తమ్ముడి వరసే అవుతాడు. "అయితే మీరు నాకు చిన్నాయన" అంది. నాన్న ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఇంకోసారి అనమన్నాడు.

మా వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. మొన్నటి పండక్కి నాన్న నాయనమ్మ ఫొటో ముందు చీర పెట్టాడు, మామ ఫొటో ముందు పంచె పెట్టాడు. ఆ పక్కన ఫొటో లేని చోట పసుపు రాసి మూడు పంచెలు పెట్టాడు.